కొలతల ఫైలు, కామేశ్వరమ్మగారి ఇంగువ

మా చెల్లెలి కూతురు నస్రీన్‌కి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ అట. ఆ మాట చెవిన పడగానే మా ఇంటావిడ, "అంత చదువు చదివించి అట్టపెట్టెలు అంటించే పనికి పంపుతారా?" అని నా మీద విరుచుకుపడింది, ఆ ఉద్యోగం నేనే ఇప్పించినట్టు.

"అట్టపెట్టెలు కాదే. నేను మూర్తిగారి దగ్గర ఇన్నేళ్లు చేసిందీ అదే" అన్నాను.

"మీరు చేసింది ఫ్లాపీలు సంచీలో వేసుకుని ఊళ్లు తిరగడం కదా" అంది.

రెండూ ఒకటే. ప్రోగ్రాములు రాసేవాళ్లు వేరు. వాళ్లు రాసినదాన్ని మూటగట్టి, పరాయివాడి మిషన్లో సరైన చోట దింపి, తర్వాత కొత్తది వచ్చినప్పుడు పాతదాన్ని మార్చి, చివరికి వద్దన్నప్పుడు శుభ్రంగా తీసేసి రావడం వేరు. నేను ఆ రెండో పని చేశాను. నస్రీన్ కోసం, ఆ పనిలోకి వచ్చే మిగతా పిల్లల కోసం ఇది రాస్తున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు లాంటివి వదిలేస్తున్నాను. నాకు చదువు తక్కువ. పదో తరగతి లెక్కల దగ్గర బండి ఆగిపోయింది. కానీ ఎవరు ఏ చొక్కా వేసుకుని ఏ మాటతో తిట్టారో నాకు ఇప్పటికీ గుర్తు. ఈ పనిలో తిట్లు గుర్తుంచుకోవడమే సగం చదువు.

పాట వినపడని కాపీ

అంతకుముందు నాకు బెజవాడ వన్‌టౌన్‌లో క్యాసెట్ల రికార్డింగ్ కొట్టు ఉండేది. జనం కాగితం మీద పాటలు రాసుకొస్తే ఖాళీ క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. కొందరు ఇంట్లో మాటలు రికార్డు చేసిన క్యాసెట్టు తెచ్చి, రెండోవైపు ఖాళీగా ఉంది, అటు పాటలెక్కించమనేవాళ్లు. అలాంటివి చేతికి రాగానే నేను చేసే మొదటి పని ఒకటుంది. క్యాసెట్టు వెనక అంచున చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి, ఒక్కోవైపుకి ఒకటి. మాటలున్న వైపు పలక స్క్రూడ్రైవరుతో టక్కున విరిచేసేవాణ్ణి. ఇక దాని మీద పొరపాటున కూడా రికార్డు పడదు. ఎవరో మామ్మ మనవడికి జోల పాడుతుంటుంది, దాని మీద మనం సినిమా పాట ఎక్కించామంటే ఆ పాపం ఏ మసీదులో కడుక్కోవాలి?

తొంభైల మధ్యలో సీడీలొచ్చి నా కొట్టు చతికిలబడింది. అప్పుడు మూర్తిగారు పిలిచారు. గవర్నరుపేటలో కళ్లజోళ్ల షాపు పైన ఆయన సాఫ్ట్‌వేర్ ఆఫీసు. మనిషి సన్నం. మెట్లెక్కి వస్తే ముందు జేబులో పెన్ను కనపడేది, తర్వాత ఆయన.

"ఖాజా, పాటలు కాపీ చేస్తావుగా. ఇదీ అంతే. దీంట్లో పాట వినపడదు" అన్నారు.

చేరిపోయాను. ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేది శైలజ. గుడివాడ నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఎం.సి.ఏ. చదివింది. నవ్వేది తక్కువ, నవ్విందంటే ఎవరిదో ప్రోగ్రాము పాడైందని అర్థం.

మూర్తిగారింటి ఆకలి

మా సరుకుల్లో బాగా పోయింది 'విందు' అనే ప్రోగ్రాము. పెళ్లి వంటల కాంట్రాక్టర్ల కోసం. ఎంతమంది వస్తారో కొట్టి, ఏయే వంటకాలో ఎంచుకుంటే, కందిపప్పు ఇంత, చింతపండు ఇంత, నెయ్యి ఇంత అని సరుకుల జాబితా అచ్చు వేసి చేతికిస్తుంది. దాన్ని కిరాణా కొట్టుకి పంపడమే.

మనిషికి ఎంత పప్పు, ఎంత నెయ్యి అన్నది ప్రోగ్రాముకి ఎలా తెలుస్తుంది? దాని కోసం కొలతల ఫైలు అని ఒకటి పెట్టాం. ఖాళీగా ఇస్తే ఎవరూ కొనరని మూర్తిగారే అందులో అంకెలు నింపారు. ఎక్కణ్ణుంచి తెచ్చారనుకున్నారు? వాళ్లింట్లోంచి. ఇంట్లో ఆయన, వాళ్లావిడ, వాళ్లమ్మగారు. ఆయనకి అల్సర్. వాళ్లావిడకి సగం రోజులు ఉపవాసం. అమ్మగారికి పళ్లు లేవు. ఆ ముగ్గురూ తినే తిండిని మనిషికింత అని తేల్చి, అదే కృష్ణా జిల్లా పెళ్లి భోజనమని ఫైల్లో పెట్టేశారు. ఆయనకి బీపీ కాబట్టి ఉప్పు కూడా ఆ లెక్కే.

"ఎవరికి కావలసినట్టు వాళ్లు మార్చుకుంటారు. ఇది ఊరికే నమూనా" అన్నారు.

ఆ మాట నిజమే. చిక్కంతా ఆ నిజంలోంచే వచ్చింది.

సత్యనారాయణపురంలో కామేశ్వరమ్మగారని పెద్ద వంటల కాంట్రాక్టరు ఉండేవారు. భర్త పోయాక ఆవిడా, మరిది విశ్వనాథంగారూ కలిసి వ్యాపారం నడిపేవాళ్లు. మరిదిని అందరూ విస్సుగారనేవాళ్లు. గాడిపొయ్యి దగ్గర ఆయన, బేరాల దగ్గర ఆవిడ. కామేశ్వరమ్మగారి వంటంటే బందరు నుంచి నూజివీడు దాకా ముహూర్తం కంటే ముందు ఆవిడ తేదీ అడిగేవాళ్లు. ఆవిడకి 'విందు' పెట్టి, మొదటి జాబితా అచ్చు తీసి చేతికిచ్చాను. కళ్లజోడు పైకి తోసి చదివారు.

"ఖాజా, ఇది పెళ్లికా, పత్యానికా?"

"అవి బీపీ ఉన్న మూర్తిగారింటి అంకెలండీ. మార్చుకోవచ్చు. ఇక్కడ నొక్కితే అంకె మారుతుంది."

"అలాగైతే ఆషాఢం రానీ, కూర్చుంటాం" అన్నారు.

ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి వంటవాళ్లకి అది సెలవుల నెల. ఆ నెలంతా వదినా మరుదులు మిషన్ ముందు కూర్చున్నారు. విస్సుగారు పడకకుర్చీలో కళ్లు మూసుకుని, మనసులోనే వంట వండుతూ అంకెలు చెప్పడం, ఆవిడ ఒక్కో వేలుతో కొట్టడం. పప్పు నుంచి పనసపొట్టు కూర దాకా మా నమూనాలో ఒక్క అంకె మిగల్లేదు. నెల చివర నేను వెళ్లేసరికి ఫైలు పేరు మాదే, లోపలున్నదంతా వాళ్లది.

ఆ తర్వాత ఒక తమాషా జరిగింది. మాఘమాసంలో ఏదో పెళ్లిలో విస్సుగారు, "వదినా, నెయ్యి ఎంత తీయమంటావు?" అని అడిగారట. ఆవిడ, "ఉండు, మిషన్లో చూసి చెప్తాను" అన్నారట. అంతే.

"నేను చెప్పిన అంకె నాకు చెప్పడానికి మిషనా? అయితే ఆ మిషన్నే గరిటె తిప్పమను" అని ఉత్తరీయం దులుపుకుని, మొవ్వలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయారు. ఆవిడ పిలవలేదు. ఆయన రాలేదు.

గుమ్మడిపూల అంచు

మళ్లీ ఆషాఢం వచ్చింది. కాంట్రాక్టర్లందరూ ఖాళీగా ఉంటారని కొత్త వెర్షన్ ఆ నెలలోనే ఇవ్వాలనుకున్నాం. దాంట్లో గొప్పేమిటంటే జాబితా తెలుగు అక్షరాల్లో అచ్చవుతుంది, చుట్టూ గుమ్మడిపూల అంచు వస్తుంది.

కొత్తది పెట్టే పద్ధతి అప్పట్లో మా అందరికీ ఒకటే తెలుసు. ఫ్లాపీలో ఉన్నవన్నీ మిషన్లోకి దించు. అదే పేరుతో పాతది ఉంటే దాని మీద ఎక్కించు. "అన్నీ కొత్తవే వెళ్లాలి, ఖాజా. పాతా కొత్తా కలిస్తే ప్రోగ్రాము తికమక పడుతుంది" అన్నది మూర్తిగారి ఆజ్ఞ. శైలజా సరేనంది, నేనూ సరేనన్నాను.

ఇక్కడ పిల్లలు కాస్త ఆగి చదవాలి. మనం పెట్టే ప్రోగ్రాములో ఫైళ్లు మూడు రకాలు. ఒకటి, మనం ఇచ్చేది, వాళ్లు ముట్టుకోనిది. దాన్ని ఎన్నిసార్లు మార్చినా ఎవరూ ఏడవరు. రెండోది, వాళ్లే పుట్టించుకునేది. కామేశ్వరమ్మగారి ఆర్డర్ల ఫైలు అలాంటిది. మన ఫ్లాపీలో ఆ పేరే ఉండదు కాబట్టి దానికేమీ కాదు. మూడోదే ముళ్లకంప. మనం ఇస్తాం, వాళ్లు మార్చుకుంటారు. ఫ్లాపీలోనూ అదే పేరు, మిషన్లోనూ అదే పేరు.

నేను కొత్తది దించాను. గుమ్మడిపూల అంచు చూసి కామేశ్వరమ్మగారు మురిసిపోయారు. "ఇది ఫ్రేము కట్టించుకోవచ్చయ్యా" అన్నారు. నాకు కాఫీ, పూర్ణం బూరెలు పెట్టారు. ఏడాదిగా అంకెలు తప్పలేదు కాబట్టి అంకెలు చూడటం ఆవిడ ఎప్పుడో మానేశారు. శ్రావణంలో మొదటి పెళ్లి కూచిపూడిలో. జాబితా అచ్చు తీసి, అంచు మడత పడకుండా కిరాణా కొట్టుకి పంపారు.

ఐదొందలమంది

ఆ పెళ్లికి మూర్తిగారిని, నన్ను ఆవిడే పిలిచారు. పెళ్లికి వచ్చే ఇతర కాంట్రాక్టర్లకి పంచుదామని మూర్తిగారు 'విందు' కరపత్రాలు సంచీనిండా తెచ్చారు. పొద్దున్నే పామర్రు మీదుగా బస్సులో దిగాం. పందిట్లో మేళం వాయిస్తున్నారు. వెనక దొడ్లో గాడిపొయ్యి అంటించి ఉంది, సరుకుల వ్యాను అప్పుడే దిగింది. కామేశ్వరమ్మగారు బస్తాల మధ్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు.

"ఖాజా, ఇట్రా. ఈ కందిపప్పు చూడు."

"బాగుందండీ."

"బాగుంది. ఎంతమందికి?"

"ఐదొందలమందికండీ."

"ఐదొందలమంది చీమలకా?"

మూర్తిగారు జేబులోంచి జాబితా నకలు తీసి బస్తాలతో సరిచూశారు. ఆయన మొహం వెలిగింది. "జాబితా ప్రకారం కచ్చితంగా ఉందండీ. గ్రాము తేడా లేదు."

"పెళ్లివారు జాబితా తింటారా, మూర్తిగారూ?" అని ఆవిడ ఆ కాగితం లాక్కున్నారు. ఈసారి అంచు చూడలేదు. పై నుంచి కింది దాకా చదివారు. మెల్లిగా తలెత్తారు.

"ఇవి నా అంకెలు కావు. మొట్టమొదట మీరిచ్చిన అంకెలు. మీ ఇంటివి."

మూర్తిగారికి అప్పుడు అర్థమైంది. నాకూ అర్థమైంది. ఆయన కరపత్రాల సంచీని వెనక్కి దాచుకున్నారు.

"ఈ ఉప్పుతో మీకు బీపీ తగ్గుతుందేమోగానీ, పెళ్లివారికి నా మీద పెరుగుతుంది" అన్నారు ఆవిడ. మాట వెటకారమే, చేతిలో జాబితా మాత్రం ఉండచుట్టేశారు. "పాతికేళ్లుగా నా పంక్తిలో ఎవరూ ఖాళీ విస్తరి ముందు కూర్చోలేదు. ఇవాళ కూర్చున్నారో, రేపటి నుంచి నన్ను తద్దినాలకి కూడా పిలవరు."

"శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఆ మాటేవిటమ్మా!" అని పెళ్లికూతురి మేనత్త ఎవరో పొయ్యి అవతల నుంచి కసిరింది.

ఇప్పుడు ఎంత తెప్పించాలి? ఏడాదిపాటు మిషన్ చెప్తే వినడం అలవాటై ఆవిడకి అంకెలు నోటికి రావడం లేదు. అవన్నీ గడగడా చెప్పగల మనిషి ఒక్కడే. ఆయన మొవ్వలో ఉన్నారు, కూతవేటు దూరం.

"విస్సుగారిని..." అన్నాను.

"వాడి గడప తొక్కను."

"మీరొద్దండీ. నేను తొక్కుతాను."

ఆవిడ చెంగుతో నుదురు తుడుచుకుని, "పొయ్యి ఆరిపోతోంది చూడండర్రా" అని ఎవరినో కేకేశారు. నాకు అది చాలు. పెళ్లివారి మోపెడ్ అడిగి తీసుకున్నాను.

విస్సుగారు అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నారు.

"ఏవోయ్ ఖాజా. మిషన్ పంపిందా?"

"లేదండీ. మిషన్ మర్చిపోయింది."

"మర్చిపోయిందా!" ఆయన ఒళ్లంతా కదిలిపోయేలా నవ్వారు. "అయితే దానికీ నా వయసొచ్చిందన్నమాట." నవ్వడం అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "ఎంతమంది?"

చెప్పాను. వేపపుల్ల పారేసి, లోపలికి వెళ్లి ఉత్తరీయం వేసుకుని వచ్చి మోపెడ్ వెనక కూర్చున్నారు. "కానీ ఆవిడతో మాట్లాడను, ముందే చెప్తున్నా" అన్నారు.

మధ్యలో నేను

అన్న మాట మీద నిలబడ్డారు. పొయ్యికి ఇటు ఆయన, అటు ఆవిడ. మధ్యలో నన్ను నిలబెట్టారు.

"ఖాజా, కందిపప్పు ఇంకెంత తెప్పించాలో ఆయన్నడుగు."

"ఖాజా, ఉన్నదానికి రెట్టింపు పైన ఇంకో బస్తా అని చెప్పు."

"ఖాజా, ఇంకో బస్తా దేనికో అడుగు."

"ఖాజా, దివిసీమ నుంచి వస్తున్నారు మగపెళ్లివారు, వాళ్లు పప్పుని మంచినీళ్లు తాగినట్టు తాగుతారని చెప్పు."

"ఖాజా, నేను పక్కనే ఉన్నాను, నాకు చెవుడు లేదని చెప్పు."

నేను తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది. ఊళ్లో కిరాణా కొట్లు రెండూ ఖాళీ చేయించాం. వంకాయలు పక్క తోటలోంచి కోయించాం. నెయ్యి ఎవరింట్లో ఉందో ఆ మేనత్తే చెప్పింది, కసరడం మాని. మూర్తిగారు చొక్కా చేతులు మడిచి కొబ్బరి తురిమారు. అల్సర్ మనిషి, ఆ వాసనకే కళ్లు తిరుగుతున్నా తలెత్తలేదు. బాసుల్లో నేను చూసిన మంచి గుణం అది. తప్పు తేలితే కింది వాళ్ల వైపు వేలు చూపించేవారు కాదు, ఏదో ఒక పని చేత్తో పట్టుకునేవారు.

మొదటి పంక్తి కాస్త ఆలస్యంగా లేచింది. చివరి పంక్తికి కూడా గుత్తివంకాయ మిగిలింది. మగపెళ్లివారిలో ఒక పెద్దాయన చెయ్యి కడుక్కుంటూ, "కామేశ్వరమ్మగారి వంటంటే ఊరికే అంటారనుకున్నా, నిజమే" అని వెళ్లారు. ఆవిడ అప్పుడు కూర్చున్నారు, తిరగేసిన గంగాళం మీద.

"ఖాజా, ఆయన్ని భోంచెయ్యమను" అన్నారు.

బొట్టు పెట్టిన ఫ్లాపీ

మీరు అడుగుతారు, బ్యాకప్ లేదా అని. ఉంది. కొలతల ఫైలు నకలు తీసిన ఫ్లాపీ ఆవిడకి నేనే ఇచ్చి, "ప్రాణంలా చూసుకోండి" అన్నాను. ఆవిడ అలాగే చూసుకున్నారు. దేవుడి గూట్లో పెట్టారు. దసరాకి ఆయుధపూజ రోజున గరిటెలకి, జల్లెడలకి, కత్తిపీటకి పెట్టినట్టే దానికీ గంధం, కుంకుమ పెట్టారు. పై ప్లాస్టిక్ మీద పెట్టి ఉంటే బతికేదేమో. ఫ్లాపీ అంచున ఉండే వెండి రేకు పక్కకి జరుగుతుందని కనిపెట్టి, లోపల ఉన్న నల్ల బిళ్ల మీద, అసలు విగ్రహం అదే అనుకుని, బొట్టు అక్కడ పెట్టారు. శైలజ ఆ ఫ్లాపీ చూసి నవ్వింది. నాకు భయం వేసింది.

కాబట్టి మళ్లీ మొదటి నుంచి. మరుసటి వారం వదినా మరుదులిద్దరినీ ఆఫీసుకి పిలిచాం. విస్సుగారు చెప్పడం, నేను కొట్టడం. పని ఇట్టే అయిపోతుందనుకున్నాం.

"పులిహోరలో ఇంగువ," అని ఆయన ఒక అంకె చెప్పారు.

"కాదు" అన్నారు ఆవిడ.

ఆ గదిలో ఆవిడ ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది.

"కాదేవిటి? నేనే చెప్పానుగా?"

"నువ్వు చెప్పింది తక్కువ. కావాలనే తగ్గించి చెప్పావు, నువ్వు లేకపోతే నాకు పులిహోర కుదరకూడదని. రోజూ నువ్వు కుర్చీలోంచి లేచి వెళ్లాక నేను దిద్దుకున్నాను."

ఆయన మొహం చూడాలి. తర్వాత మెల్లిగా, "సాంబారులో మెంతులు కూడా దిద్దావా?" అన్నారు.

"అదీ దిద్దాను."

"అందుకా నేనున్నన్నాళ్లూ సాంబారు అంత బాగుంది" అన్నారు ఆయన, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

ఇన్నాళ్లూ ఆ ఫైల్లో ఉన్నవి విస్సుగారి అంకెలే అనుకున్నాం, ఆయన దొరికితే అన్నీ దొరికినట్టే అనుకున్నాం. ఆయన చెప్పినవి కొన్ని, ఆవిడ చాటుగా దిద్దినవి కొన్ని, రెండూ కలిసిన ఫైలు అది. ఒక్కరి దగ్గరే పూర్తిగా లేదు. వాళ్లు మళ్లీ కూర్చుని మళ్లీ పోట్లాడుకుంటే తప్ప తిరిగి పుట్టదు. ఇంకెప్పుడూ ఏ ఇంట్లో ఫైలునీ నేను 'చిన్న ఫైలు' అనలేదు.

కూర్చున్నారు, పోట్లాడుకున్నారు. అన్నీ తేలాయి, ఇంగువ తప్ప. ఇద్దరూ మెట్టు దిగలేదు. చివరికి శైలజ విసిగిపోయి రెండు లైన్లు పెట్టింది. 'పులిహోర, విస్సుగారిది.' 'పులిహోర, వదినగారిది.' "మీకెప్పుడు ఏది కావాలంటే అది ఎంచుకోండి, నా గుడివాడ రైలు వెళ్లిపోతుంది" అంది. అలా ఆయన మళ్లీ సత్యనారాయణపురం వచ్చేశారు.

మందులు, వాటి వికారాలు

ఇక ఇలా జరగకూడదని మొదటి మందు నేనే చెప్పాను. క్యాసెట్టు పలక విరిచినట్టు కొలతల ఫైలుకి తాళం వేసేద్దాం, దాని మీద ఏదీ ఎక్కదు. అందరూ మెచ్చుకున్నారు. వేశాం. వారం తిరక్కుండా కామేశ్వరమ్మగారి ఫోను. "గోంగూర ధర మండిపోతోంది, కాస్త తగ్గిద్దామంటే మిషన్ ఒప్పుకోవట్లేదు. నా వంటింట్లో నాకే తాళమా?" జోలపాట ఒకసారి పాడితే అయిపోయింది. కొలత అలా కాదు, రోజూ బతికుంటుంది. నా క్యాసెట్టు తెలివి అక్కడితో సరి.

రెండో మందు మూర్తిగారిది. వాళ్ల ఫైలుంటే ముట్టుకోవద్దు, లేని వంటకాలు మాత్రం చేర్చు. ఇదీ బాగానే ఉందనుకున్నాం, వన్‌టౌన్ కరీముల్లా భాయ్ దాకా. ఆయన బిర్యానీ మాస్టరు. ఆయన లెక్క మనుషుల్లో ఉండదు, దేగుల్లో ఉంటుంది. దేగ్ అంటే ఆ పెద్ద రాగి బిందెలాంటి గిన్నె. మేమిచ్చిన వంటకాలన్నీ తుడిచేసి, దేగ్‌కి ఇంత బియ్యం, ఇంత మాంసం అని తనవి మాత్రమే ఉంచుకున్నాడు. కొత్తది దించే మా సెటప్ ప్రోగ్రాము వెళ్లి, 'అయ్యో, లేవే' అని తుడిచినవన్నీ మళ్లీ చేర్చింది. మా దూరపు చుట్టాల నిఖాకి ఆయన అచ్చు తీస్తే బిర్యానీ కింద పనసపొట్టు కూర, అప్పడాలు వచ్చాయి. కుర్రాళ్లు చూడకుండా పనసకాయలు కొనుక్కొచ్చేశారు.

"ఖాజా, నేను తీసేసింది మర్చిపోయి కాదు, అక్కర్లేక" అన్నాడు కరీముల్లా భాయ్, ఆ పనసకాయలు మా ఆఫీసు గుమ్మంలో దించి. లేకపోవడం కూడా ఒక మార్పే. ఇది బాగా చదువుకున్నవాళ్లు కూడా మర్చిపోతారు.

మూడో మందు, అడగడం. 'మీ కొలతల ఫైలులో మార్పులున్నాయి. ఉండనివ్వాలా? తీసేయాలా?' ఎంత మర్యాదగా ఉంది! ఫోను చేసి కనుక్కుంటే జనం ఏం చెప్పారంటే, "ఏదో అడిగిందండీ. దణ్ణం పెట్టుకుని ఎంటర్ కొట్టాను." అడిగితే చదువుతారనుకోవడం మన అమాయకత్వం. చదవకుండా ఎంటర్ కొడితే ఏమయ్యేలా మనం పెట్టామో, అదే మన నిజమైన జవాబు. శైలజ ఎంటర్‌కి 'ఉండనివ్వాలి' అని పెట్టింది. అయినా తృప్తి పడలేదు.

చివరికి దారి చూపింది కూడా ఆ అమ్మాయే, ఆ రెండు పులిహోర లైన్లు చూస్తూ. "మనదీ వాళ్లదీ ఒకే ఫైల్లో ఎందుకు కాపురం చేయాలి సార్?" అంది. అప్పట్నుంచి ఫైళ్లు రెండు. మన నమూనా ఒకటి. దాన్ని వాళ్లు ముట్టుకోలేరు, మనం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. వాళ్ల మార్పులు మరో ఫైలు, వేరే ఫోల్డరులో. దాన్ని వాళ్లెన్నిసార్లైనా మార్చుకోవచ్చు, మనం ముట్టుకోకూడదు. ప్రోగ్రాము ముందు వాళ్లది చూస్తుంది. అక్కడ లేకపోతే మనది. వాళ్లు వద్దన్న వంటకం కూడా 'వద్దు' అని వాళ్ల ఫైల్లోనే ఉంటుంది. మూర్తిగారి ఇంటి అంకెలు ఆ మొదటి ఫైల్లో చిరకాలం సుఖంగా ఉన్నాయి, ఎవరికీ హాని చేయకుండా.

నస్రీన్‌కి ఇవన్నీ ఇంకా గొప్ప పేర్లతో చెప్పి ఉంటారు. పేర్లు ఏవైనా, పనిలో దిగినప్పుడు ఆ కూచిపూడి కందిపప్పు బస్తాలు గుర్తుచేసుకో తల్లీ.

తీసేసినా పోనిది

ప్రోగ్రాము పెట్టడం గురించి అందరూ చెప్తారు. తీసేయడం గురించి ఎవరూ చెప్పరు. మా సెటప్ తీసేస్తే మనం తెచ్చినవన్నీ పోతాయి, వాళ్ల ఫోల్డరు మాత్రం ఉండిపోతుంది. దీనికి కూడా తిట్లు తిన్నాం. 'ఇల్లు ఖాళీ చేసి చెప్పులు వదిలేసి పోయారు' అన్నాడొకడు.

రెండువేల దశకం సగం దాటాక ఒక రోజు మధ్యాహ్నం కామేశ్వరమ్మగారి ఫోను వచ్చింది. వంటల కాంట్రాక్టు మానేశారు. మోకాళ్లు సహకరించడం లేదు. మిషన్ని ఏదో బడికి ఇచ్చేస్తున్నారు, అందుకని 'విందు' తీసేస్తున్నారట.

"ఖాజా, అంతా తీసేశాను అంటోంది మిషన్. కానీ ఒక ఫోల్డరు పోవట్లేదు. మీవాళ్లదేదో మిగిలిపోయినట్టుంది."

"అది మాది కాదండీ. మాదంతా వచ్చేసింది. మిగిలింది మీది. తెరిచి చూడండి, ముందు అచ్చు తీసుకోండి, తర్వాత మీ ఇష్టం."

ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు. మౌసు చప్పుళ్లు. ఆవిడ మెల్లిగా చదువుతున్నట్టు వినపడింది. పప్పు. పనసపొట్టు. గుత్తివంకాయ. ఎవరో కుర్చీ జరుపుకుంటూ వచ్చారు. ఫోను చేతులు మారింది.

"ఖాజా, నేను విస్సుని. నా ఇంగువ ఉందా అందులో?"

"ఉంటుందండీ."

"ఆవిడది?"

"అదీ ఉంటుందండీ, దాని కిందే."

వెనక నుంచి ఆవిడ గొంతు. "ఏవంటున్నాడు? తీసేయాలా, ఉండాలా?"

విస్సుగారు ఫోను పక్కకి తిప్పి, నా ద్వారా కాకుండా, నేరుగా ఆవిడకే జవాబు చెప్పారు.

"రెండూ ఉండనీ, వదినా."